రెండు గంటల దారి

ఈసారి ఊరికి పోతూ ఢిల్లీలో విమానం ఎక్కి బెల్టు పెట్టుకోగానే పైనుంచి చల్లటి గాలి ముఖానికి కొట్టింది. హైదరాబాద్‌కు రెండు గంటల పది నిమిషాలని తీయటి గొంతొకటి చెప్పింది. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ఎవరికమ్మా రెండు గంటలు? విమానానికి! శంషాబాద్‌లో దిగి, జనగామ, హనుమకొండ, పరకాల దాటి, రేగొండ పక్కనున్న మా ఊరు చేరేసరికి సగం రోజు పోతుంది. ఈ కోపం నాకు నేర్పింది మా పక్కింటి కొమురవ్వ.

మిరప చేన్లలో కూలికి పోయే మనిషి. పిల్లలు లేరు, ఎవరన్నా భయమూ లేదు. నర్సింగ్ చదవడానికి నేను మహబూబాబాద్ పోతానంటే మా చిన్నాయన అడ్డం పడ్డాడు. "ఆడిపిల్లకు గంత దూరం ఏందే?"

గోడ అవతలి నుంచే కొమురవ్వ అందుకుంది. "పోయేది అది. నీ కాళ్లెందుకు గుంజుతున్నయిరా?"

బాపు నవ్వి, మరునాడే నన్ను బస్సెక్కించాడు.

తల్లి లేని నాకు తండ్రి, మా బాపు ఒక్కడే దిక్కు. ఆయన పోయాడని ఫోన్ వచ్చినప్పుడు ఢిల్లీలో డ్యూటీలో ఉన్నాను. దొరికిన మొదటి విమానం ఎక్కాను. ఇంటి దగ్గర చిన్నాయన ఎవరి ఫోన్లోనో చూసి, రెండు గంటల దారేనని తేల్చేశాడు. మధ్యాహ్నం దాటినా నేను చేరకపోయేసరికి, "పొద్దుగూకకముందే లేపాలె. వచ్చేదైతే ఈపాటికి రాకపోవునా?" అన్నాడట. ఎంత మాట! అప్పుడు నేను జనగామ దగ్గర కారులో ఏడుస్తూ కూర్చున్నాను. ముందు లారీ బోల్తా పడి దారంతా ఆగిపోయింది. ఇదే చిన్నాయన సూరత్ నుంచి వచ్చేదాకా మా నాయనమ్మను రాత్రంతా ఐసు పెట్టెలో ఉంచారు. కొడుకైతే ఆగవచ్చు, బిడ్డయితే పొద్దు మునిగిపోతుంది! ఇప్పటికీ తలుచుకుంటే పళ్లు కొరుకుతాను.

పాడె లేచింది. సగం దారిలో, దింపుడు కల్లం దగ్గర దించారు. పోయిన మనిషి చెవిలో అయినవాళ్లు మూడుసార్లు పిలిచేది అక్కడే. ఏమో, ప్రాణముంటే పలుకుతాడేమోనని ఆఖరి ఆశ. చిన్నాయన వంగబోతుంటే కొమురవ్వ నేల మీద కూలబడి పాడె కట్టెను రెండు చేతులా పట్టుకుందట.

"నువ్వు పిలిస్తె ఆయన ఎన్నడన్న పలికిండారా? బిడ్డ వచ్చి పిలువనీ."

"పొద్దు మునుగుతుంది, లెవ్వే ముసల్దానా!"

"నన్ను గూడ గా పాడె మీదనే ఎత్తుకపో. నేనైతే లెవ్వ."

డప్పులు ఆగాయి. తిట్టారు, బతిమాలారు. ఆమె చేతులు విప్పలేదు.

నేను చేరేసరికి మసకచీకటి పడింది. కారు దిగి పరుగెత్తాను. కొమురవ్వ కట్టె వదిలి పక్కకు జరిగింది. "పిలువు బిడ్డా" అంది. మూడుసార్లు పిలిచాను. బాపు పలకలేదు. కానీ పిలిచాను, ఆ భాగ్యం నాకు దక్కింది.

కొమురవ్వ కూడా ఇప్పుడు లేదు. మొన్న మా వార్డులో పనిచేసే, మా వైపు దంతాలపల్లి ఊరి అమ్మాయికి తల్లి పోయిందని కబురొచ్చింది. పిల్ల ఏడుస్తూ టికెట్ వెతుక్కుంటుంటే, ఫోన్లో మేనమామ, "రెండు గంటలే గదా, సాయంత్రం లేపుతున్నం" అంటున్నాడు. ఫోన్ గుంజుకున్నాను.

"అన్నా, రెండు గంటలల్ల వచ్చేది విమానం. బిడ్డ ఇంటికి రావాల్నంటే రేపు పొద్దుగాల. అప్పటిదాంక పాడె మీద ఎవడు చెయ్యేస్తడో ఎయ్యిమను. నేను లైన్లనే ఉన్న."