నాన్న కట్టని రింగులు

మా నాన్న ముప్పై ఏళ్లు ఇళ్లకు ఇనుప కడ్డీలు కట్టాడు. ఆయన వైరు మెలిపెడితే ఊడదని పేరు. ఆ పేరంటే ఆయనకు ప్రాణం. అన్నంలో రాయి తగిలినా ఊరుకునేవాడు గానీ, ఎవడైనా వదులుగా కట్టిన ముడి కనబడితే మాత్రం అంతెత్తున లేచేవాడు.

మొన్న భూమి కంపించింది. ఊళ్లో ఇల్లేదీ కూలలేదు. మా వంటగది మూల, స్తంభమూ దూలమూ కలిసేచోట ఏటవాలుగా పగుళ్లు పడ్డాయి. ఇంటికి ఇనుము కట్టింది నాన్న, కాంక్రీటు పోసింది మా అమ్మకు అన్న. ఇసుక ఎక్కువ కలిపి ఉంటాడని అందరూ మామయ్యనే ఆడిపోసుకున్నారు. నాన్న తలూపాడు. నేనైతే మామయ్య ముఖం మీదే నోరు జారాను.

మర్నాడు మామయ్య నిచ్చెన తెచ్చుకుని, ఆ మూల ఉలితో చెక్కడం మొదలుపెట్టాడు. నాన్న టీ గ్లాసుతో కింద నిలబడ్డాడు, తాగలేదు. మధ్యాహ్నానికి లోపలి ఇనుము బయటపడింది. స్తంభం కడ్డీలను చుట్టి బిగించే రింగులు దూలం కిందిదాకా వచ్చి ఆగిపోయాయి. మళ్లీ శ్లాబు పైన మొదలయ్యాయి. నేల ఊగినప్పుడు అసలు దెబ్బ పడేది ఆ మధ్యలోనే. అక్కడ ఒక్క రింగూ లేదు.

మామయ్య ఆ సందులోకి చాలాసేపు చూశాడు. దిగి చేతులు దులుపుకున్నాడు.

"నేను పోసినదాంట్లోనే తేడా ఉంది బావా. నేనే సరిచేస్తాలే."

నా ముందు నాన్న పరువు కాపాడ్డానికి ఆడిన అబద్ధం అది. నాన్న తల వంచేశాడు.

"ఆపు బావా. అక్కడ దూలం కడ్డీలు అడ్డమొస్తాయి, చెయ్యి దూరదు. రింగులు ముందే ఎక్కించి పెట్టుకోవాలి, పూట పని. కాంక్రీటు పడ్డాక ఎవరు చూస్తార్లే అనుకున్నా. నిన్న నిన్ను అన్నేసి మాటలంటుంటే నోరు మూసుకున్నా. సిగ్గుతో చచ్చిపోతున్నా."

నాకూ తల కొట్టేసినట్టయింది. మామయ్యను క్షమించమని అడగబోయాను. ఆయన నన్ను చూడనే లేదు.

"ఇదొక్కటేనా?" అని నాన్నను అడిగాడు.

నాన్న జేబులోంచి వైరు మెలిపెట్టే కొక్కెం తీసి వేళ్ల మధ్య తిప్పాడు.

"నేను కట్టినవన్నీ అంతే. మీ ఇల్లు కూడా, బావా."

ఆ ఇంట్లో అప్పుడు మా అత్తా, మూడు నెలల మనవరాలూ పడుకుని ఉన్నారు.

"ముందు వాళ్లని బయటికి తీసుకొద్దాం పద. తర్వాత ఒక్కో తలుపూ తట్టి నువ్వే చెప్పాలి" అంటూ మామయ్య గుమ్మం దాటాడు.

నాన్న చెప్పులు కూడా వేసుకోకుండా ఆయన వెనక నడిచాడు.