రెండో ఉత్తరం ఎవరినడగాలి

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో, అమలాపురంలో డిగ్రీ చివరికొచ్చేసరికి, హైదరాబాదులో ఎమ్మెస్సీ చదవాలని నాకు పట్టుదల పుట్టింది. దరఖాస్తుతోపాటు, మనల్ని బాగా ఎరిగిన ఇద్దరు మేష్టార్ల చేత ఉత్తరాలు రాయించి, కవరు అంటించి పంపమన్నారు. మా ఇంట్లో అలాంటి మాట వినడం అదే మొదలు. నాన్నగారికి తెలిసిందల్లా గెజిటెడ్ ఆఫీసరుగారి ఆకుపచ్చ సంతకం. "ప్రిన్సిపాల్‌గారిని మించిన సంతకం ఎవరిదుంటుందే? పద," అన్నారు.

ప్రిన్సిపాల్‌గారు నా మొహం చూడటం అదే మొదటిసారి. అయినా ఎంత మర్యాదో! "టైపు చేయించుకొచ్చెయ్యండి, సంతకం పెట్టేస్తాను," అన్నారు నాన్నగారితో. జాబ్ టైపింగ్ షాపాయన సంగతంతా విననే లేదు. "తెలుసండీ, ఆ ఉత్తరమే కదా. అమ్మాయిగారి పేరు చెప్పండి," అన్నాడు. పది నిమిషాల్లో నేను సత్ప్రవర్తన గలదాన్నీ, కాలేజీకి గర్వకారణాన్నీ అయిపోయాను. చదువుకుంటే నాకే నవ్వొచ్చింది.

మరి రెండోది? నన్ను నిజంగా ఎరిగిన మనిషి ఒక్కరే, కెమిస్ట్రీ మేడమ్. నా భయమూ అదే. రెండో సంవత్సరం ల్యాబులో నా రీడింగులు కుదరక పక్కమ్మాయివి చూసి దింపేశాను. మేడమ్ పట్టుకుని, అందరిముందూ రికార్డులో ఆ పేజీ అడ్డంగా కొట్టేశారు. నాకసలే పౌరుషం ఎక్కువ. ఆ ఏడాదంతా ఆవిడకి నమస్కారం కూడా పెట్టలేదు. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని అడగను? రెండు రోజులు స్టాఫ్‌రూమ్ గుమ్మం దాకా వెళ్లి వెనక్కొచ్చేశాను. మూడో రోజు ఎలాగో లోపలికి వెళ్లాను.

ఆవిడ నా దరఖాస్తు కాగితం చదివి, కళ్లజోడు తీసి నావంక చూశారు. "రాస్తాను. ఆ రీడింగుల సంగతి కూడా రాస్తాను. సరేనా?"

"ఆయ్," అన్నాను తలూపి.

మర్నాడు అంటించిన కవరు చేతికిచ్చారు. పోస్టాఫీసు దాకా దాన్ని ఎండకెత్తి చూస్తూనే ఉన్నాను. ఒక్క ముక్క కనబడితే ఒట్టు.

ఇంటర్వ్యూలో పెద్దాయన ముందుగా ప్రిన్సిపాల్‌గారి ఉత్తరం తీసి పక్కన పెట్టేశారు. "మీ ఊరినుంచి ముగ్గురొచ్చారమ్మా. ముగ్గురూ కాలేజీకి గర్వకారణమే. అక్షరం తేడా లేదు," అన్నారు నవ్వుతూ. నాకు తల కొట్టేసినట్టయింది. తర్వాత మేడమ్ ఉత్తరం విప్పి, రీడింగుల సంగతేమిటని అడిగారు. దాచడానికేముంది, జరిగింది జరిగినట్టు చెప్పాను. సీటు పోయిందనే అనుకున్నాను.

ఆయన మిగతాది చదివి తెలుగులో చెప్పారు. "ఆ తర్వాత వరసగా నాలుగు శనివారాలు ఒక్కతే ల్యాబుకొచ్చి, ఆ ప్రయోగం కుదిరేదాకా చేసింది. ఇప్పుడీ అమ్మాయి ఏ అంకె తెచ్చినా నేను సరిచూడను." నేనలా వచ్చేదాన్నని ఆవిడ గమనించారనే నాకు తెలియదు. సిగ్గు లేకుండా అక్కడే ఏడ్చేశాను.

సీటొచ్చింది. చెబుదామని మేడమ్‌గారింటికి వెళ్తే, ఆవిడ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెయ్యి పట్టుకున్నారు.

"ఇరవై రెండేళ్ల నుంచి పాఠాలు చెబుతున్నానమ్మా. ఉత్తరం కావాలంటే అంతా ప్రిన్సిపాల్‌గారి గదికే వెళ్లేరు. నా దగ్గరికొచ్చినదానివి నువ్వొక్కదానివే," అన్నారు.

నేనూ ముందు ఆ గదికే వెళ్లానని చెప్పడానికి నాకు నోరు రాలేదు.