గోల మధ్య దాచిన మాట

మొన్న ఆదివారం పొద్దున్నే మా సార్ కూతురు ఫోన్ చేసింది. "అక్కా, నాయిన పోయిండు. నిద్రలనే పోయిండు, తిప్పల పడలే" అంది.  మర్నాడు మేడ్చల్ చర్చిలో ప్రార్థన అయ్యాక సమాధి చేశారు. కండ్లకోయ ఇంజనీరింగ్ కాలేజీలో ఆయన దగ్గర చదువుకున్నవాళ్లం చాలామందిమే వచ్చాం.

ఆయన మాకు యాంటెన్నాల పాఠం చెప్పేవారు. చిన్నప్పుడు జబ్బుచేసి ఆయనకు ఎడమ చెవి పోయింది. క్లాసులో ఎవరైనా ప్రశ్న అడిగితే వినబడేది గానీ, ఎటునుంచి వచ్చిందో తెలిసేది కాదు. గదంతా కళ్లతో వెతికి, "చెయ్యి లేపుండ్రి, లేకుంటే గోడకు జవాబు చెప్త" అనేవారు. మేం నవ్వితే ఆయనా నవ్వేవారు. ఒక యాంటెన్నాకు బదులు రెండు పెడితే ఏం లాభమో పుస్తకంలో పెద్ద లెక్కలతో ఉంది. ఆయన మాత్రం ఎడమ చెవి మీద చెయ్యేసుకుని, "రెండుంటే ఎటుదిక్కు నుంచి వస్తాందో తెలుస్తది. నాకు తెల్వది. గందుకే దీని విలువ నాకు ఎక్కువ తెల్సు" అన్నారు. ఆ మాటకు ఎవరూ నవ్వలేదు.

మేం చివరి ఏడాదికి వచ్చేసరికి ఇంటింటికీ సెల్‌ఫోన్లు వచ్చేశాయి. గాలిలో పోయే మాటను మధ్యలో ఎవరైనా వినొచ్చు కదా అని నేనూ నా స్నేహితురాలు సునీతా ఆయన్ని అడిగాం. అదే మా ప్రాజెక్టయింది. రెండు యాంటెన్నాలతో మాటతోపాటు కావాలనే అర్థంలేని సంకేతాల గోల కూడా పంపాలి. రెండిటి నుంచీ వచ్చే గోల, మనవాళ్లున్న చోట ఒకదాన్నొకటి చెరిపేసుకోవాలి. అక్కడ మాటే మిగలాలి. దొంగచాటుగా వినేవాడికి గోలే దక్కాలి. ఆ గోలలోని శక్తి కూడా వృథా కాకుండా, బ్యాటరీ లేని చిన్న దీపాన్ని వెలిగించాలి.

మొదటి రివ్యూలో దీపం వెలగలేదు. పైగా, దొంగ స్థానంలో కూర్చున్న సునీత తన కంప్యూటర్ తెర మీద మా రహస్య సందేశాన్ని తడబడకుండా చదివేసింది: "టిఫిన్ అయిందా?" కమిటీవాళ్లు నవ్వారు. రెండోసారి కూడా ఇలాగే అయితే ఏడాది పోతుందని చెప్పారు. యాప్రాల్‌లో మా ఇంట్లో అందరికీ కంగారు. అమీర్‌పేటలో తయారుచేసి అమ్మే ప్రాజెక్టులు దొరుకుతాయట, ఒకటి తెచ్చేసుకోమన్నారు నాన్న. నాకూ అదే మేలనిపించింది. సార్‌కి చెబితే కోప్పడతారనుకున్నాను. కోప్పడలేదు.

"కొనుక్కొచ్చిన ప్రాజెక్టు పని జేస్తది బిడ్డా. ఎందుకు జేస్తాందో మీకు తెల్వది. గిది పని జేస్తలేదు. ఎందుకు జేస్తలేదో వెతికితే దొరుకుతది. ఏది కావాల్నో మీరే చెప్పుండ్రి. ఏది జెప్పినా నేను సంతకం పెడ్త."

బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాం. సునీతే ముందు లేచి, "వెతుకుదాం పా" అంది.

కారణం ల్యాబులోనే దొరికింది. చుట్టూ ఇనుప బీరువాలు. రేడియో అలలు వాటికి తగిలి వెనక్కి రావడంతో, గోల చెరిగిపోకూడని చోట, అంటే సునీత ఉన్న చోట కూడా చెరిగిపోతోంది. ఆదివారం చర్చి అవగానే సార్ మమ్మల్ని శామీర్‌పేటలో తన ఇంటి వెనక ఖాళీ జాగాకి రమ్మన్నారు. ఎండలో యాంటెన్నాలు అటూ ఇటూ జరుపుతూ చాలాసేపు తంటాలు పడ్డాం. చివరికి నా తెర మీద "టిఫిన్ అయిందా" వచ్చింది. సునీత తెర నిండా అర్థంలేని అక్షరాలు. యాంటెన్నాకు జానెడు దూరంలో పెట్టిన ఎర్రదీపం మిణుకుమంది. సార్ ఎండ పడకుండా దానికి చేతులు అడ్డం పెట్టి, ఇంట్లో ఉన్న తన భార్యను పిలిచి చూపించారు. ఆమె వంగి చూసి, "మంచిగుంది. ఇగ అన్నం తినుండ్రి" అన్నారు.

రెండో రివ్యూ కాలేజీ మైదానంలో జరిగింది. మొదటిసారి అందరికన్నా ఎక్కువ నవ్వినాయనే సునీత కుర్చీలో కూర్చుని చూశారు. ఒక్క ముక్క చదవలేకపోయారు. మేం పాసయ్యాం. సార్ అదే పనిని ముందుకు తీసుకెళ్లి, తోటివాళ్లు రిటైర్మెంటు గురించి మాట్లాడుకునే వయసులో డాక్టరేట్ తెచ్చుకున్నారు.

ఇప్పుడు నా ఉద్యోగమూ యాంటెన్నాలతోనే. కొత్తగా చేరినవాళ్లు సర్క్యూట్ బోర్డు పని చేయట్లేదని దిగాలుగా వస్తే, ఎందుకు చేయట్లేదో వెతుకుదాం రమ్మంటాను. ఆ మాట నాది కాదని వాళ్లకు తెలియదు.

సమాధి అయిన మర్నాడు ఆయన కూతురు నన్ను శామీర్‌పేట ఊరి చివర ద్రాక్షతోటకు తీసుకెళ్లింది. రిటైరయ్యాక ఆయన అక్కడి మొక్కల మొదళ్లలో తేమ కొలిచే బిళ్లలు పాతారు. వాటికి బ్యాటరీలు లేవు. యాంటెన్నాలు బిగించిన చెక్కపలకతో పక్కనుంచి నడిస్తే, ఆ అలల శక్తితోనే ఒక్కొక్కటీ మేలుకుని, నేల తడిగా ఉందో పొడిగా ఉందో ఫోన్‌కు చెబుతుంది. "సారు పొద్దుగాల్నే వచ్చెటోడు. ఇగ ఎవరు జూస్తరు?" అన్నాడు తోట రైతు.

 ఆమె షెడ్డు గోడకు ఆనించి ఉన్న పలకను భుజానికెత్తుకుని పందిరి కిందికి వెళ్లింది. మొదటి మొక్క దగ్గర ఆగి, ఫోన్‌లోకి చూసి, "గీడ తడి ఉంది" అని మాకు వినబడేలా చెప్పింది. ఆకుల నీడలు వీపు మీదుగా జారిపోతుండగా, తర్వాతి మొక్క వైపు కదిలింది.