కాస్త కుదుటపడనివ్వండి

కృపానందం గారు ఏ ప్రశ్నకైనా వెంటనే జవాబు చెప్పగా విన్న మనిషి విజయవాడలో లేడు. "కాస్త కుదుటపడనివ్వండి" అన్నది ఆయన ఊతపదం. గవర్నర్‌పేట హోటల్లో సర్వరు "కాఫీయా, టీయా?" అని అడిగి, రెండు బల్లలు తుడిచొచ్చి మరీ జవాబు పట్టుకెళ్లేవాడు. పెళ్లినాడు చర్చిలో పాస్టరుగారు "ఈమెను భార్యగా స్వీకరిస్తావా?" అంటే, ఈయన ఆగిన ఆగుడుకి పెళ్లికూతురి అన్నలు చొక్కా చేతులు మడిచారట.

"అవుననడానికి అంతసేపా?" అని ఆయన భార్య అమలమ్మగారు ఇప్పటికీ దెప్పుతారు.

"అప్పుడే పాట అయింది కదా. అది చెవుల్లోంచి పోవద్దూ?" అంటాడాయన.

అలాంటి మనిషి వెళ్లి వెళ్లి తిరుపతిరావు చేతికి చిక్కాడు. ఈ తిరుపతిరావుకి రొయ్యల కోల్డ్ స్టోరేజి ఉంది గానీ ఓపిక లేదు. గదుల చల్లదనమంతా కంప్యూటర్లో కనబడాలని ముచ్చటపడి, తొంభై తొమ్మిదిలో కొలత యంత్రాలు పెట్టే కృపానందాన్ని పిలిపించి వేడి కొలిచే తీగలు బిగించమన్నాడు.

"స్కాన్ రేటు, అదే తీగలు చదివే వేగం, ఎంత పెట్టమంటారండి?"

"ఉన్నదంతా పెట్టండి! నత్తనడక నడవడానికా కొన్నది?"

"తీగలు చాలా ఉన్నా కొలిచేది ఒక్కటేనండి. వరసగా ఒక్కో తీగనీ అందుకుంటుంది. కొత్త తీగ పట్టుకోగానే చదివేస్తే, వెనకటి తీగ వోల్టేజి ఇంకా వదలదు. కాస్త కుదుటపడనిచ్చి..."

"మొదలెట్టారూ!" అంటూ తిరుపతిరావు తనే వేగం ఆఖరుదాకా పెంచేశాడు.

మర్నాడు పొద్దున్నే వైజాగ్ వ్యాపారి ఫోను చేసి సరుకు వద్దన్నాడు. తిరుపతిరావు ఫోను విసిరికొట్టినట్టు పెట్టి ఇటు తిరిగేసరికి, కంప్యూటర్లో రెండో గది వేడెక్కిపోయి కనబడింది. ఇంకేముంది! కొల్లేటి లంక నుంచి వచ్చి ఆ యంత్రాల మధ్యే తల నెరిసిన ఆపరేటరు పేరయ్య మీద పడ్డాడు.

"లోపలికెళ్లి చూశానండీ. సరుకు రాయిలా ఉందండి."

"అంటే కంప్యూటరు అబద్ధమాడుతోందా? తలుపు తీసిపెట్టి నిద్రపోయుంటావ్!"

పేరయ్య బయటికెళ్లి గేటు దగ్గర నిలబడ్డాడు. ఫోను విసిరినప్పట్నుంచీ గుమ్మంలో నిలబడి చూస్తున్న కృపానందం అప్పుడు లోపలికొచ్చాడు.

"రేపట్నుంచి పన్లోకి రావద్దని వాడితో చెప్పండి. వాడి మొహం చూసి నేను చెప్పలేను" అన్నాడు తిరుపతిరావు.

"కాస్త కుదుటపడ..."

"వెళ్లండి మహానుభావా!"

కృపానందం వెళ్లి పేరయ్యతో ఏదో చెప్పి, తిరిగొచ్చి కంప్యూటర్ ముందు కూర్చుని స్కాన్ రేటు తగ్గించాడు. రెండో గది వేడి చూస్తుండగానే దిగి, ఎప్పటి చల్లదనం దగ్గర నిలబడింది.

"దీని ముందు తీగ కంప్రెసరు వేడి పైపుదండి. ఆ వేడి గది లెక్కలో పడింది."

తిరుపతిరావు గేటు వైపు చూశాడు. అక్కడెవరూ లేరు. "పేరయ్యకి చెప్పేశారా?"

కృపానందం ఆలోచనలో పడ్డాడు. ఆ జవాబు వచ్చేదాకా ఎవడాగుతాడు? తిరుపతిరావు స్కూటరెక్కి పేరయ్య ఉండే వన్ టౌన్ వెళ్లి, రొప్పుకుంటూ కొండ మెట్లెక్కాడు. ఎంత మాటన్నాను, తుఫాను రోజుల్లో కూడా యంత్రాలు వదలని మనిషిని, అని దారంతా కుమిలిపోయాడు.

పేరయ్య అన్నం తింటున్నాడు. ఆయన్ని చూసి గాభరాగా లేచాడు.

"తప్పయిపోయింది పేరయ్యా. పన్లోకి రావద్దని..."

"అదేంటండీ? ఇంటికెళ్లి భోంచేసి రమ్మన్నారని చెప్పారుగా కృపానందంగారు!" అని చెయ్యి కడుక్కుని, "నిద్రపోయావన్నారు చూడండీ, అదొక్కటే కష్టమనిపించిందండి" అన్నాడు పేరయ్య.

ఆ మాట మాత్రం తిరుపతిరావు తన నోటితోనే అన్నాడు. దాన్ని మధ్యలో ఆపినవాళ్లు లేరు. చేతులు పట్టుకుని క్షమించమన్నాడు గానీ, పేరయ్య కళ్లలోకి చూడలేకపోయాడు.

తిరిగొచ్చేసరికి కృపానందం తీగలు సర్దుకుంటున్నాడు.

"నేను చెప్పమన్నది చెప్పలేదేం?"

ఈసారి తిరుపతిరావు కదలకుండా నిలబడ్డాడు. ఎట్టకేలకు జవాబొచ్చింది.

"మీరప్పుడే ఫోను పెట్టారండి. ఆ కోపం పేరయ్య మీదది కాదనిపించింది."

తిరుపతిరావు కంప్యూటర్ వైపు చూసి, "నా వేగం తగ్గించే మీట కూడా ఏదన్నా ఉందాండీ?" అన్నాడు.

"కాస్త కుదుటపడనివ్వండి, చెబుతాను" అన్నాడు కృపానందం.

తిరుపతిరావు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.