వాంగ్మూలానికి తోడు

పూండి స్టేషన్లో దిగి సముద్రం వైపు గంట నడిస్తే తిరుమల వాళ్ల ఊరు. తొంభై ఎనిమిది మే నెలలో ఆమె పదో తరగతి పరీక్షలు రాసి, ఫలితాల కోసం చూస్తోంది. అప్పటికి పదిహేనేళ్లు. తల్లి సింహాచలమ్మతో కలిసి నారాయణరావు గారి జీడితోటలో రాలిన పళ్లు ఏరి, పిక్కలు వేరుచేసే పనికి వెళ్లేది. ఒక మధ్యాహ్నం తల్లి నిండిన గంప దించడానికి కళ్లం దగ్గరకు వెళ్లింది. తోట చూసుకోవడానికి వచ్చిన నారాయణరావు మేనల్లుడు ప్రదీప్, తిరుమల ఒక్కతే ఉండటం చూశాడు.

ఆ తర్వాత జరిగినదాన్ని తిరుమల చాలామందికి, చాలాసార్లు చెప్పాల్సి వచ్చింది. ఇక్కడ మళ్లీ చెప్పక్కర్లేదు.

ఆ సాయంత్రమే నారాయణరావు వాళ్లింటికి వచ్చి నులక మంచం మీద కూర్చున్నాడు. తిరుమల తండ్రి పోలారావు నిలబడే ఉన్నాడు.

"సూడు పోలారావూ, కేసంటే నీ గుంటకే సెడ్డ పేరు. కావాలంటే మావోడి సేత తాళి కట్టిత్తాను. ఇక్కడితో వొదిలీ."

పోలారావు తల వంచుకున్నాడు. గది లోపలినుంచి తిరుమల గొంతు వినిపించింది. "నాన్నా, ఆడితో నాకు పెల్లేటి? నానుండను."

ఆ మాట పట్టుకునే మర్నాడు పొద్దున సింహాచలమ్మ కూతుర్ని పోలీసుస్టేషనుకు తీసుకెళ్లింది. తిరుమల మొదట ఒక కానిస్టేబులుకు చెప్పింది. తర్వాత రాసుకునే ఆయనకు, తర్వాత పెద్దాయనకు. అక్కణ్ణించి ఆసుపత్రికి పంపారు. అక్కడ వరండాలో, జ్వరాలకీ దెబ్బలకీ వచ్చిన జనం మధ్య, బల్ల మీద కూర్చోబెట్టి ఒకాయన కాగితం పట్టుకుని గట్టిగా అడిగాడు. అటు తిరిగి చూస్తే, సొంత ఊరి మనిషి ఒకామె చంటిపిల్లను ఎత్తుకుని వింటోంది. వీళ్లు ఇంటికి చేరేసరికి ఊరంతటికీ తెలిసిపోయింది.

కేసు మూడేళ్లు నడిచింది. ఆ రోజు ఏడుస్తూ పరుగెత్తుకొచ్చిన తిరుమలను చూసిన కూలీలు ఇద్దరూ కోర్టులో, మేమేమీ చూడలేదన్నారు. ప్రదీప్ బయటికి వచ్చేశాడు.

ఊళ్లో ఎవరూ ఆమెను తిట్టలేదు. తిడితే తిరిగి ఒక మాట అనేదేమో. పేరంటానికి పిలవడానికి వచ్చినవాళ్లు తల్లికి బొట్టు పెట్టి, పక్కనే ఉన్న తిరుమలను దాటి వెళ్లేవారు. అయిదేళ్లు ఒకే బెంచీ మీద కూర్చున్న సుధారాణి బోరింగు దగ్గర ఎదురైనప్పుడు, బిందె నిండకుండానే ఎత్తుకుని వెళ్లిపోయింది. ఆ సగం బిందె తిరుమలకు కోర్టు తీర్పు కంటే ఎక్కువగా గుర్తుండిపోయింది.

పద్దెనిమిది దాటాక పలాస వచ్చేసింది. అక్కడే కాశీబుగ్గలో ఒక గది తీసుకుని, మిషను మీద బడిపిల్లల యూనిఫాంలు, జాకెట్లు కుట్టడం మొదలుపెట్టింది. పలాసలో ఆమె ఎవరో ఎవరికీ తెలీదు. అది మొదట్లో హాయిగా ఉండేది. కొన్నాళ్లకు, రోజుకు పది మాటలు కూడా మాట్లాడటం లేదని గమనించింది. అవీ కొలతల గురించే.

రెండువేల నాలుగులో మందస వైపు నుంచి ఒకామె వెతుక్కుంటూ వచ్చింది. ఆమె పేరు నూకమ్మ అనుకుందాం. వెనకాల పద్నాలుగేళ్ల కూతురు. ఆ పిల్ల పేరు మాత్రం వద్దు.

"నువ్వు టేషనుకీ కోర్టుకీ ఎల్లినావంట కదమ్మా," అంది నూకమ్మ గుమ్మంలోనే నిలబడి. "అక్కడేటడుగుతారో సెప్పు. దీనికి ముందుగా సెప్పి తీసుకెల్తాను."

తిరుమల పిల్ల వైపు చూసింది. పిల్ల వేళ్లు పైట అంచును మెలిపెడుతున్నాయి. "సెప్పడం కాదు పిన్నీ, నానూ వొత్తాను," అంది తిరుమల.

ఆసుపత్రిలో మళ్లీ అదే వరండా. కాగితం పట్టుకున్న మనిషి మారాడంతే. అతను పేరు అడగబోతుంటే తిరుమల పిల్లకు అడ్డంగా నిలబడింది.

"ఇక్కడ కాదండి. గదిలో అడగండి."

"గదులు ఖాళీ లేవమ్మా."

"అయ్యేదాకా కూసుంటాం."

మూడు గంటలు కూర్చున్నారు. అడిగిన ప్రతిసారీ గదులు ఖాళీ లేవనే అన్నారు. పిల్లకు దాహం వేస్తే నూకమ్మ వెళ్లి నీళ్లు తెచ్చింది. తిరుమల మాత్రం లేవలేదు. చివరికి డ్యూటీ దిగి వెళ్లబోతున్న డాక్టరమ్మ ఒకావిడ సంగతి కనుక్కుని, సంచీ బల్ల మీద పెట్టేసి తన గదిలోకి పిలిచింది. తలుపు మూసింది. లోపల పిల్ల ఒక్కసారే చెప్పింది.

ఆ రోజు గదికి తిరిగొచ్చి తిరుమల వెక్కి వెక్కి ఏడ్చింది. తనకూ ఒక తలుపు మూయించేవాళ్లు అప్పుడెవరూ లేరే అని.

తర్వాతి సోమవారం శ్రీకాకుళం బస్సెక్కింది, కలెక్టరాఫీసులో అర్జీ ఇవ్వడానికి. ఆమె అడిగింది చాలా చిన్నది. ఇలాంటి పిల్లలు వచ్చినప్పుడు ఆసుపత్రిలో తలుపున్న గది కావాలి, ఆడమనిషి అడగాలి, ఒక్కసారే అడగాలి. అర్జీలు తీసుకునే గుమస్తా కాగితం తిరగేసి చూశాడు.

"ఎవరికి జరిగిందమ్మా ఇది? పేరు లేకుండా అర్జీ తీసుకోను."

వెనక వరసలో జనం. నూకమ్మ కూతురి పేరు చెప్పడానికి లేదు.

"నాకు జరిగింది. బొడ్డేపల్లి తిరుమల. రాసుకోండి."

గుమస్తా తలెత్తి చూసి, కలం తీశాడు.

రెండేళ్లపాటు నెలకోసారి వెళ్లింది. కాగితాలు పోయాయన్నారు, మరో ఆఫీసుకు వెళ్లమన్నారు. మూడో ఏడాది కొత్తగా వచ్చిన ఒక అధికారిణి అర్జీ మొత్తం చదివి, "మీరు చెప్పింది సరైనదే" అంది. అంతకుముందు ఏ ఆఫీసులోనూ తిరుమల ఆ మాట వినలేదు. రెండువేల ఏడులో ఆసుపత్రిలో విరిగిన మంచాలు పడేసే గదిని ఖాళీ చేయించారు. రెండు కుర్చీలు, ఒక ఫ్యాను వేశారు. తలుపుకు లోపలినుంచి గడియ.

ఆ గదిలోకి తిరుమల చాలామంది పిల్లలకు తోడు వెళ్లింది. రెండు కేసుల్లో శిక్ష పడింది, మిగతావాటిలో పడలేదు. కేసు అయిపోయాక ఏ పిల్లా మళ్లీ ఆమె గడప తొక్కలేదు. ఒకసారి సంతలో ఒక పిల్ల తనను చూసి మొహం తిప్పుకున్నప్పుడు తిరుమలకు సుధారాణి గుర్తొచ్చింది. కానీ ఇది అది కాదు. ఈ పిల్ల బతకాలంటే తిరుమల తెలియనట్టుండాలి. అప్పటినుంచి ముందుగా తనే మొహం తిప్పుకునేది.

రెండువేల తొమ్మిదిలో ఒక ఆదివారం, తల్లిని చూడటానికి పూండి వెళ్లాలని పలాస స్టేషన్లో పాసింజరు కోసం కూర్చుంది. ఎదురుగా నూకమ్మ కూతురు. మెడలో పసుపుతాడు, పక్కన అత్తగారు. తిరుమల చటుక్కున పట్టాల వైపు తిరిగింది. అడుగులు దగ్గరకు వచ్చి ఆగాయి.

"బాగున్నావా అప్పా?" అంది పిల్ల, సొంత అక్కను పిలిచినట్టు.

"ఎవురే?" అంది అత్తగారు.

పిల్ల ఒక్క క్షణం తడబడింది. "మిషను కుట్టే అప్ప. నాకు జాకెట్లు కుట్టేది."

"అలగా! పనితనం మంచిదేనా?"

"శానా మంచిది," అంది పిల్ల. తిరుమల కళ్లలోకి చూస్తూనే అంది.

వాళ్లకు ఎదురు ప్లాట్‌ఫారం బండి. వంతెన మెట్లు ఎక్కుతూ పిల్ల వెనక్కి తిరగలేదు. తిరుమల వాళ్లు కనబడినంతసేపూ చూసింది.

మధ్యాహ్నానికి ఇల్లు చేరింది. పోలారావు పోయి ఏడాది దాటింది, సింహాచలమ్మ ఒక్కతే ఉంటోంది. అన్నం వడ్డిస్తూ కూతురి మొహంలోకి పరకాయించి చూసింది.

"ఏటే, ఏడిసినావా? తోవలో ఎవురైనా కనిపించారేటి?"

"నేదమ్మా," అంది తిరుమల. "ఎవురూ కనిపించనేదు."