మా ఆటకు జనం రారన్నారు

ఎవరైనా ఒక మాటంటే అదెందుకో తెలిసేదాకా చిన్నప్పుడు నాకు అన్నం సయించేది కాదు. నన్ను పెళ్ళి చేసుకున్నవాడు జవాబులు చెప్పలేక పారిపోతాడని అమ్మ బెంగపడేది.

తొంభైల్లో భిలాయి ఉక్కు ప్లాంటు కాలనీలో, సెక్టర్ 6లో మాకొక ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టు ఉండేది. దసరా సెలవుల్లో మా వీధుల వాళ్ళు కమిటీ వేసుకుని పోటీలు పెట్టేవారు. గెలిచిన అబ్బాయిలకు నగదు. గెలిచిన మాకు తలా ఒక స్టీలు టిఫిన్ డబ్బా. మా వంటింట్లో అప్పటికే అలాంటివి రెండున్నాయి. నాకు ఒళ్ళు మండేది. అదే బంతి, అదే మైదానం. ఎండ మాత్రం మాకే ఎక్కువ, ఎందుకంటే మా మ్యాచ్ పట్టపగలు పన్నెండింటికి.

ఆ ఏడు నా మంటకి ఇంకో కారణం ఉంది. మా గోల్‌కీపర్ ఊరవతలి జాముల్ నుంచి పాత సైకిలు తొక్కుకుంటూ వచ్చేది. శ్రీకాకుళం వైపు నుంచి కూలి పనికొచ్చిన కుటుంబం వాళ్ళది. వాళ్ళమ్మ ఇళ్ళు కట్టేచోట ఇటుకలు మోసేది. ఆటలో నాలుగు డబ్బులొస్తే పదో తరగతి పరీక్షలదాకా చదువుకో, లేకపోతే దీపావళి వెళ్ళగానే నాతో పనికి వచ్చెయ్ అని తేల్చి చెప్పింది. అబ్బాయిలకిచ్చినంత మాకూ ఇస్తే మా వాటాలన్నీ దానికే ఇచ్చెయ్యాలని మేం అనుకున్నాం. అడగనిదే అమ్మయినా పెట్టదు కదా. కమిటీ సెక్రటరీ ఇంటికి నేనే వెళ్ళాను. ఆయన నాన్నతో పాటు ప్లాంటులో పనిచేసేవాడు, నాకు మావయ్య వరస.

"ఏటమ్మా, కోపమొచ్చినట్టుందే?" అన్నాడు నవ్వుతూ. "జనమొస్తే దుకాణాలోళ్ళు చందాలిస్తారు. చందాలొస్తే బహుమతులు. మీ ఆటకి జనం ఎక్కడున్నారు, సెప్పు?"

ఆ మాట నిజమే. మా ఆటకి వచ్చేది నలుగురు తమ్ముళ్ళు, రెండు మేకలు. కానీ ఎందుకు రారు? అదే ఇంటికొచ్చి అమ్మనడిగాను.

అమ్మ బియ్యం ఏరుతూ తలెత్తలేదు. "మీ నాన్న పన్నెండింటికి ఎక్కడుంటాడే?"

ఫస్ట్ షిఫ్టులో. రెండింటికి గాని దిగడు. మా వీధిలో సగంమంది అంతే. రాత్రి షిఫ్టు చేసినవాళ్ళు ఆ వేళకి నిద్రలో ఉంటారు. షిఫ్టు సైరన్‌తోనే లేచి, తిని, పడుకునే ఊళ్ళో పుట్టి ఇంతకాలం ఇది నా బుర్రకెందుకు తట్టలేదా అనిపించింది. మర్నాడే మావయ్య దగ్గరికి పరుగెత్తి, మా ఫైనల్ మూడింటికి, అబ్బాయిల ఫైనల్‌కి ముందు పెట్టమన్నాను. సరే అన్నాడు, పాపం. కాదనడానికి కారణం దొరకలేదు మరి.

జనం వచ్చారు. ప్లాంటు నుంచి తిన్నగా, సైకిలు హ్యాండిలుకి క్యారేజీలు వేలాడుతుండగానే వచ్చారు. నాన్న నా ఆట చూడడం అదే మొదటిసారి. మా గోల్‌కీపర్ బూట్లు లేకుండా ఉత్త కాళ్ళతోనే నిలబడి రెండు పెనాల్టీలు ఆపింది. గెలిచాం. "అరే, క్యా లడ్కీ హై", ఏం పిల్లరా అని ఎవరో పెద్దాయన అంటే నాకు ఏడుపొచ్చింది. ఇంకేం, డబ్బు ఖాయం అనుకున్నాను.

మైకులో పేర్లు పిలిచారు. టిఫిన్ డబ్బాలే ఇచ్చారు.

"జనం వచ్చారు కదా మావయ్యా?" అనడిగాను.

"వచ్చారు గానీ, ఆళ్ళంతా అబ్బాయిల ఆటకి ముందుగా వచ్చినోళ్ళు తల్లీ. మీకోసం వచ్చినోళ్ళు ఎందరో ఎలా తెలుస్తాది?"

ఏ ఎండకా గొడుగు పట్టడమంటే ఏమిటో ఆ రోజు అర్థమైంది. మనిషి చెడ్డవాడు కాదు. తను చెప్పేది నిజమనే నమ్మాడు, అదే నాకు ఎక్కువ కష్టంగా అనిపించింది.

దీపావళి వెళ్ళాక ఓ ఆదివారం మా గోల్‌కీపర్‌ని వెతుక్కుంటూ జాముల్ వెళ్ళాను. కట్టుబడి దగ్గర తలగుడ్డ మీద ఇటుకలు పేర్చుకుని మగవాళ్ళ వెనకే నిచ్చెన ఎక్కుతోంది. ఆడకూలీని అక్కడ రేజా అంటారు. దిగి వచ్చి నా పక్కన కూర్చుంది. కూలి ఎంతిస్తున్నారని అడిగాను.

"మగోల్లకన్నా తక్కువే. మోసేది మటుకు సమానం," అంది. చేతులకంటిన ఇటుక పొడి దులుపుకుంది. "ఒలే, నిన్నొకటి అడుగుతాను సెప్పు. మన ఆట సూడ్డానికి జనం రారని మనకి తక్కువిచ్చినారు. ఇక్కడ మగోల్లు ఇటకలు మోస్తంటే సూడ్డానికి ఎవులొస్తన్నారే?"

అది ఎగతాళికి అడగలేదు, నిజంగానే నాకు తెలుసేమోనని అడిగింది. జవాబు కోసం నా మొహంకేసి చూసింది. ఈలోగా మేస్త్రీ కేకేస్తే లేచి వెళ్ళిపోయింది.