అన్నం ముందు, మాట తర్వాత

మా ఇంట్లో ఒక కట్టడి ఉంది. పెట్టింది నేనే కాబట్టి తప్పు ఇంకెవరి మీదకూ నెట్టడానికి వీల్లేదు. డ్యూటీ దిగి వచ్చిన మనిషిని తినేదాకా ఏమీ అడగకూడదు. పిల్లకు జ్వరమొచ్చినా, నల్లా రాకపోయినా, ఊళ్లో ఎవరు పోయినా, కంచం ఖాళీ అయ్యాకే నోరు విప్పాలి. గోదావరిఖనిలో మేమున్న క్వార్టర్ల వరుసంతా ఇదే పద్ధతి. గనిలోంచి ఎక్కి వచ్చినవాడి గొంతులో బొగ్గుపొడి ఉంటుంది, చెవుల్లో పేలుడు మోత ఉంటుంది. అప్పుడు మంచిమాట చెప్పినా తిట్టినట్టే వినబడుతుంది. మా పక్కింటావిడ తన సొంత తమ్ముడు పోయిన కబురును కూడా భర్త చేయి కడుక్కునేదాకా కడుపులో దాచుకుంది. ఎంత ఓర్పు అని వాడలో అందరూ మెచ్చుకున్నారు. ఆమె ఎప్పుడు తిన్నదో ఎవరూ అడగలేదు.

నేను ముప్పై అయిదేళ్లు ఫిల్లర్‌ని. అంటే టబ్బుల్లో బొగ్గు నింపేవాణ్ణి. యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. నేర్చుకున్నవాడికి కనబడినదల్లా చదివే జబ్బు పట్టుకుంటుంది. నాకూ పట్టుకుంది. బస్సుల మీదివి, మందుసీసాల మీదివి, గోడల మీదివి అన్నీ చదివాను. ఎదురుగా కూర్చున్న పిల్ల ముఖం చదవాలన్న ఆలోచన మాత్రం రాలేదు.

ఆ పిల్ల నా మనవరాలు. పదో తరగతి. నా కొడుకు ఓపెన్‌కాస్టు గనిలో డంపర్ నడుపుతాడు. వాడి షిఫ్టులు వాడివి. కోడలు గోదావరి అవతల జైపూర్‌లో బడి పంతులమ్మ, ఆరు దాటితే గాని ఇల్లు చేరదు. సాయంత్రం పిల్ల బడి నుంచి వచ్చేసరికి ఉండేది నేనూ, నా ఇంటిదీ.

ఆ ఏడు బడి తెరిచిన కొన్నాళ్లకు పిల్ల ముఖం వేలాడేసుకుని రావడం మొదలైంది. నా ఇంటిది ముప్పై అయిదేళ్ల అలవాటు ప్రకారం ఏమీ అడగకుండా కంచం పెట్టింది. పిల్ల తిన్నది. మర్నాడూ అదే ముఖం, అదే కంచం. పొద్దటి అన్నంలో మామిడికాయ తొక్కు కలుపుకుని తిన్నది, పైన సర్వపిండి తిన్నది, డబ్బాలో ఉన్న మురుకులు తిన్నది. తిన్నాక గనికార్మికుడు మాట్లాడతాడు. ఈ పిల్ల తిన్నాక పడుకునేది. ఆ తేడా మాకు తట్టలేదు.

పైగా మాకు గొప్పగా ఉండేది. నా ఇంటిది గోడ మీదుగా పక్కావిడకు చెప్పేది.

"మా పోరి మంచిగ తింటుందవ్వా. ఈ కాలపు పిల్లలు పిట్టల లెక్క తింటరు. మాది అట్ల కాదు."

"దిష్టి తియ్యి అక్కా," అనేది ఆవిడ.

తీసింది కూడా. యూనిఫారం కుట్లు రెండుసార్లు విప్పించాం. దిష్టి తీసినది పని చేసిందనుకున్నాం.

కొడుకు వారపు సెలవు నాడు ఇంట్లో ఉండి, బియ్యం డ్రమ్ము వెనక బిస్కెట్ కాగితాలు ఒక సంచెడు చూశాడు. వాడు నా కొడుకే, మాటల మనిషి కాదు. పిల్లను నా వెంట దవాఖానకు పంపాడు. డాక్టరమ్మ రక్తం తీయించి, పిల్లను అడిగింది.

"ఆకలైతే తింటవా, ఏమన్న అయితే తింటవా?"

"ఎప్పుడైనా తింటది మేడం," అన్నాను నేను.

"మిమ్మల్ని కాదు పెద్దాయనా. మీరు కొంచెం బయట కూసోండి."

బయట కూర్చుని గోడ మీదున్నవన్నీ చదివాను. కాసేపటికి లోపలికి పిలిచింది. పిల్ల ఆమెకూ పెద్దగా చెప్పలేదట. ఒంట్లో జబ్బేమీ ఉన్నట్టు లేదనీ, మనసులో ఏదో ఉందనీ, ఇంట్లో అడగమనీ చెప్పింది. నాకు కోపమొచ్చింది. తలమీద ఫ్యాను, తొక్కడానికి సైకిలు, చేతిలో సెల్లు ఉన్న పిల్లకు బాధేమిటి? అదీగాక ఏమన్నా ఉంటే పిల్లే వచ్చి చెప్పాలిగాని, మేం అడగడమేమిటి? రక్తం పోయింది గదా అని చౌరస్తాలో ఆటో ఆపించి, పిల్లకు నాలుగు మిర్చిబజ్జీలు తినిపించి ఇంటికి తీసుకొచ్చాను. డాక్టరమ్మ మాటకు నేను చేసిన వైద్యం అదీ.

కొడుకు ఒక నిర్ణయానికి వచ్చాడు. మంచిర్యాల దాటాక ఒక హాస్టలు బడి ఉంది.

"అండ్ల గంట కొడితేనే తినాలె, గంట కొడితేనే పండాలె. వచ్చే నెల జాయిన్ చేస్త," అన్నాడు.

 పిల్ల కంచంలో ఉన్నది పూర్తి చేసి, ఇంకొంచెం పెట్టుకుంది. నలుగురం పెద్దవాళ్లం చుట్టూ కూర్చుని కంచం వైపే చూశాం.

హాస్టలు వాళ్లు ఇచ్చిన కాగితం నింపే పని నా మీద పడింది. ఇంట్లో అక్షరాల మీద అంత మోజు ఉన్నది నాకే. పేరు, ఊరు అయ్యాయి. 'పిల్లకు ఇష్టమైనవి' అని ఒక వరుస ఉంది. మిర్చి, పులిహోర, మురుకులు, తొక్కన్నం అని రాసుకుంటూ పోతే కాగితం అంచు దాటింది. మనసులో మురిశాను కూడా. కింది వరుస 'దగ్గరి స్నేహితులు'. దాని కింద 'దేనికి బాధపడుతుంది'. నాకు పెన్ను ఆడలేదు. పదిహేనేళ్లు కళ్ల ముందు పెరిగిన పిల్ల గురించి నాకు తెలిసినదంతా కడుపులోకి పోయేదే.

అంతలో పిల్ల బడి నుంచి వచ్చింది. నా ఇంటిది కంచం తెచ్చింది. నేను దాని మీద చెయ్యి అడ్డం పెట్టాను.

"అట్లేంది, పిల్ల ఆకలి మీద ఉన్నది," అంది నా ఇంటిది.

"ఉండనియ్యి. బిడ్డా, నీ దోస్తు పేరేంది? ఇండ్ల రాయమన్నరు."

"లేదు తాతా."

"పేరు లేని దోస్తు ఉంటదా?"

"దోస్తే లేదు."

నేను పెన్ను మూయలేదు. కాగితం మీద అలాగే పట్టుకుని కూర్చున్నాను. ఆ పెన్ను వంక చూసో, కంచం లేక చేతులకు పని లేకో, పిల్ల మెల్లగా మొదలుపెట్టింది. నాలుగేళ్లు తనతో ఒకే బెంచి మీద కూర్చున్న పిల్ల ఈ ఏడు వేరే బెంచికి పోయింది. ఎందుకో చెప్పలేదు. సెల్లులో క్లాసువాళ్లందరూ ఉన్న గ్రూపులోంచి కూడా దీన్ని తీసేశారు. మధ్యాహ్నం ఒంటరిగా కూర్చుని తింటే అందరూ చూస్తారని, డబ్బాలోని అన్నం తీసుకుపోయి గోడ అవతల కుక్కలకు వేస్తోంది.

"గింత ముచ్చటకేనా?" అన్నాను. అనకుండా ఉండాల్సింది.

"నీకు గింత. పొద్దటి సంది నాతోని ఒక్కరు మాట్లాడరు తాతా. ఇంటికొస్తే మీరు సుత మాట్లాడరు, కంచం పెడ్తరు. నేను తింటుంటే అవ్వ నన్ను చూసి నవ్వుతది. దినమంత నన్ను చూసి నవ్వేది గామె ఒక్కతే. అందుకే ఇంకింత పెట్టమంట."

నా ఇంటిది గడపలో అలాగే నిలబడింది.

అప్పుడు నేనెవరికీ చెప్పని సంగతి ఒకటి చెప్పాను. నాతో కలిసి టబ్బు నింపే జోడీ మీద ఒకనాడు గని కప్పు కూలింది. నేను రెండడుగులు ఇవతల ఉన్నాను. ఇంటికొచ్చి అన్నానికి కూర్చున్నాను. కంచం ఖాళీ అయితే ఏమైందని అడుగుతారు. అడిగితే చెప్పాలి. అందుకని మళ్లీ పెట్టించుకున్నాను, మళ్లీ పెట్టించుకున్నాను. కుండ ఖాళీ అయ్యాక గోడవైపు తిరిగి పడుకున్నాను.

"గా దినం ఐదుసార్లు పెట్టిన," అంది నా ఇంటిది. "నీ జోడీ పోయిన సంగతి తెల్లారి వాడల ఇన్న. నిన్ను అడుగుదామంటే నువ్వు డ్యూటీకి పోయినవ్. మళ్లొచ్చి తినుడు షురూ చేసినవ్."

"మరి తర్వాతన్న అడగకపోయినవ్?"

"నువ్వే అడగొద్దంటివి గద."

పిల్ల మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "మీకు పిచ్చి," అంది. చాలా రోజుల తర్వాత అది మామూలు గొంతుతో అన్న మాట.

కొడుకు సంగతంతా విని, హాస్టలు కాగితాన్ని పరీక్షలయ్యేదాకా అలమరాలో పెట్టాడు. "గీ ముచ్చట ముందుగాల చెప్పొద్దా?" అని పిల్లను కసిరాడు. ఎప్పుడు చెప్పాలిరా, అని నేను అడిగాను.

పిల్ల తిండి ఒక్కసారిగా ఏం మారలేదు. ఒక్కోరోజు డ్రమ్ము వెనక కాగితాలు ఇంకా దొరుకుతాయి. నాకు మాత్రం కొత్త డ్యూటీ పడింది. రోజూ సాయంత్రం గంటసేపు, ఎవరు ఏ బెంచి మీద కూర్చున్నారో, ఎవరు ఎవరిని చూసి మూతి తిప్పారో వినాలి. బొగ్గు నింపడం ఇంతకంటే సులువు. మధ్యలో కునుకు తీస్తే పట్టేసుకుంటుంది.

ఇవాళ ఏమీ అడక్కముందే చెప్పింది, ఆ పాత దోస్తు వచ్చి లెక్కల నోట్సు అడిగిందని.

"ఇచ్చినవా?"

"ఇయ్యలే."

"ఎందుకే? నువ్వు ఏడ్సిందే దానికోసం గద."

"ఇంకో రెండుసార్లు అడగనియ్యి తాతా. నీకు సమజ్ కాదు."

కాలేదు. రేపు రెండోసారి అడిగిందో లేదో తెలుసుకోవాలని మాత్రం ఉంది.